నారింజ గడ్డం చెప్పిన వంశకథ

ఐరిస్ పువ్వుకి గడ్డం ఉంటుంది. మాట వరసకి అంటున్నది కాదు. తోటమాలులూ శాస్త్రజ్ఞులూ అందరూ దాన్ని గడ్డమనే పిలుస్తారు. పువ్వుకి ఆరు రేకులు. మూడు పైకి లేచి గుమ్మటంలా కూడుకుంటాయి, మూడు నాలుకల్లా కిందికి వేలాడతాయి. వేలాడే రేకు గొంతులోంచి బయటికి వచ్చే చోట, గొంగళిపురుగు పడుకున్నట్టు ఒక నూగు వరస కనిపిస్తుంది. తేనెటీగ దిగి లోపలికి నడిచే తివాచీ అది. తెల్లగానో, పసుపుపచ్చగానో, నీలంగానో ఉండే ఆ నూగుని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అందరి చూపూ రేకుల మీదే.

ఈ అధ్యాయం గులాబీ రంగు ఐరిస్‌ల పుట్టుపూర్వోత్తరాల గురించి. ఆ సంగతి తెలిసినవాళ్ళు మాత్రం ముందు గడ్డమే చూస్తారు. వంశం గురించి రేకు అబద్ధం చెప్పవచ్చు. ఒక్కోసారి రిజిస్టరు కూడా చెప్పవచ్చు. నారింజ గడ్డం మాత్రం చెప్పదు.

రెండు జాతకాలు

మన పొలాల్లో బాగా తెలిసిన సాంబమసూరి సంగతే తీసుకోండి. విత్తన సంచీ మీద బీపీటీ 5204 అని ఉంటుంది. బీపీటీ అంటే బాపట్ల. ఆ వరి జాతకంలో మూడు పేర్లున్నాయి: జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి. ఏ రకం పువ్వు మీద ఏ రకం పుప్పొడి వేశారో రాసిపెట్టుకున్నారు కాబట్టే దాని తాతలెవరో ఇవాళ మనకి తెలుసు.

ఐరిస్ పెంపకందార్లదీ ఇదే పద్ధతి. బెవర్లీ సిల్స్ అనే గులాబీ ఐరిస్ జాతకం: పింక్ పిరుయెట్ × వానిటీ. మొదటి పేరు కాయ కాసిన తల్లిది, రెండోది పుప్పొడి ఇచ్చిన తండ్రిది. పేరు పెట్టకుండానే పారేసిన మొక్క తల్లో తండ్రో అయితే పేరుకి బదులు ఒక నంబరు ఉంటుంది. దాని తల్లిదండ్రులు కుండలీకరణాల్లో, వాళ్ళ తల్లిదండ్రులు మళ్ళీ లోపలి కుండలీకరణాల్లో ఉంటారు. ఉల్లిపాయ పొరల్లా ఒలుచుకుంటూ పోవాలి. 1920లో ఏర్పడిన అమెరికన్ ఐరిస్ సొసైటీ ఈ జాతకాలను పట్టీలుగా అచ్చు వేస్తూ వచ్చింది. 1955 నుంచి గడ్డం ఐరిస్‌లతో సహా ఉల్లిలాంటి దుంప లేని ఐరిస్‌లన్నిటికీ ప్రపంచం మొత్తానికి పేర్లు నమోదు చేసేది ఆ సంఘమే.

మనుషుల వంశవృక్షానికీ ఈ వంశవృక్షానికీ ఒక తేడా ఉంది. గడ్డం ఐరిస్ నేలలో అల్లం కొమ్ములా పాకుతుంది. పసుపు కొమ్ము విరిచి నాటినట్టే దాన్నీ విరిచి నాటుకుంటారు. నాటిన ప్రతి ముక్కా అదే మొక్క. అందువల్ల డెబ్భై ఎనభై ఏళ్ళ నాటి ముత్తాత ఇవాళ కూడా మునిమనవరాలి పక్క మడిలో పూస్తూ ఉంటాడు. కాగితం మీద అనుమానం వస్తే వెళ్ళి ఆయన్నే చూడవచ్చు, అవసరమైతే మళ్ళీ సంకరం చేసి పరీక్షించవచ్చు.

నేరేడు గులాబీ, టమాటా గులాబీ

ఇప్పుడు వంటింట్లోకి వెళ్దాం. నేరేడు పళ్ళు నీళ్ళలో పిసికితే నీళ్ళు ఊదారంగుకి తిరుగుతాయి. టమాటా కూర మగ్గించినప్పుడు మాత్రం గిన్నె అంచున తేలిన నూనె ఎర్రబడుతుంది. నేరేడు రంగు నీళ్ళలో కరుగుతుంది, టమాటా రంగు నూనెలో కరుగుతుంది. రెండూ రెండు వేర్వేరు రసాయన కుటుంబాలు. మొదటివి ఆంథోసయనిన్లు, రెండోవి కెరొటినాయిడ్లు. టమాటాలో ఉన్న కెరొటినాయిడ్ పేరు లైకోపీన్.

పువ్వులోనూ ఇవి వేరు కాపురాలే. ఆంథోసయనిన్ కణం నడుమ ఉన్న నీటి సంచిలో కరిగి ఉంటుంది. కెరొటినాయిడ్ కణంలోని చిన్న చిన్న రేణువుల్లో దాగుతుంది. ఐరిస్‌ నీలం, ఊదా రంగులు డెల్ఫినిడిన్ అనే ఆంథోసయనిన్ శాఖవి. మన దడి మీద పాకే శంఖుపుష్పం నీలం కూడా ఆ శాఖదే. ఐరిస్ పసుపు మాత్రం కెరొటినాయిడ్లది.

కాబట్టి ఐరిస్‌లో గులాబీ రంగు రెండు దారుల్లో రావచ్చు. ఊదా రంగు బాగా పలచబడితే లేత ఊదా గులాబీ వస్తుంది. దాన్ని నేరేడు గులాబీ అందాం. లైకోపీన్ పేరుకుంటే టమాటా గులాబీ వస్తుంది. లేత రొయ్య రంగు, పగడం రంగు, ఫ్లెమింగో కొంగ ఈకల రంగు దీని ఛాయలు. కంటికి రెండూ గులాబీలే. జాతకాలు తిరగేస్తే మాత్రం ఒకదానికి ఇంకొకటి చుట్టం కాదు.

పెంపకందార్లు దశాబ్దాల పాటు పొరబడ్డది ఇక్కడే. 19వ శతాబ్దంలోనే క్వీన్ ఆఫ్ మే వంటి పూలను గులాబీ అని పిలిచారు. అవన్నీ నేరేడు గులాబీలు. ఊదా పూలలో లేత వాటిని ఏరి, లేత వాటితో కలిపి, పిల్లల్లో ఇంకా లేత వాటిని ఏరితే ఎప్పటికైనా అసలు గులాబీ రాకపోతుందా అనుకున్నారు. రాలేదు. ఎంత పలచబరిచినా అడుగున ఊదా జీర పోదు. నేరేడు రసంలో ఎన్ని నీళ్ళు పోసినా టమాటా చారు అవుతుందా?

అమాస్యా కొమ్ములు

ఈలోగా మరో మూల నుంచి వచ్చిన మొక్కలు కథ నడకనే మార్చేశాయి. ఐరోపా తోటల పాత ఐరిస్‌లకు ఆధారం ఐరిస్ పాలిడా, ఐరిస్ వేరిగేటా. ఈ రెండింటికీ కణానికి 24 క్రోమోజోములు. కేంబ్రిడ్జ్‌లో శరీరధర్మ శాస్త్రం చెప్పిన సర్ మైకేల్ ఫాస్టర్‌కి (1836–1907) ఐరిస్‌లంటే పిచ్చి. పశ్చిమాసియాలో పనిచేసే మిషనరీలకు ఉత్తరాలు రాసి కొమ్ములు తెప్పించుకునేవాడు. అలా 1880ల్లో టర్కీలోని అమాస్యా ప్రాంతం నుంచి పెద్ద పువ్వులున్న ఐరిస్ ఒకటి వచ్చింది. దానికి అమాస్ అనే పేరు నిలిచింది. తర్వాత క్రోమోజోములు లెక్కపెట్టినప్పుడు దానికి 48 ఉన్నాయని తేలింది. ఒక్కో క్రోమోజోముకీ పాతవాటిలో రెండు ప్రతులుంటే దీనిలో నాలుగు. శాస్త్ర పరిభాషలో ఇది చతుస్థితికం.

ఇంగ్లండులోని డెవన్‌లో ఆర్థర్ బ్లిస్ అనే ఆయన కార్డీలియా అనే పాత రకం మీద అమాస్ పుప్పొడి వేశాడు. 1917లో విడుదలైన డొమినియన్ ఆ సంకరం బిడ్డే. ముఖమల్ లాంటి దళసరి రేకులతో అది ఐరిస్ తోటలనే మార్చేసింది. మన కాశ్మీరులో శ్మశానాల్లో సమాధుల మీద నాటే తెల్ల ఐరిస్ కూడా ఫాస్టర్ చేతుల మీదుగా ఈ పెంపకంలోకి చేరింది. పాతవి, కొత్తవి అన్నీ కలిసి 1930ల నాటికి తోటల్లో పొడవాటి గడ్డం ఐరిస్‌లు దాదాపుగా చతుస్థితికాలే అయ్యాయి.

పూలు పెద్దవయ్యాయి, కాడలు బలిశాయి. అందరికీ సంతోషమే. కానీ నాలుగు ప్రతుల వల్ల ఇంకో మార్పు కూడా జరిగింది. దాగి ఉండే గుణాలు ఇంకా లోతుగా దాక్కున్నాయి.

మూడు తోటలు

1940ల తొలి ఏళ్ళలో అమెరికాలో, ఒకదానికొకటి దూరంగా ఉన్న తోటల్లో, ఇంచుమించు ఒకే కాలంలో, ఎవరూ ఎరగని రంగు పూసింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో చికాగో శివారు విల్మెట్‌లో డేవిడ్ హాల్ అనే న్యాయవాది తోటలో పూసింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో డాక్టర్ లూమిస్ మొక్కల్లో పూసింది. నెబ్రాస్కాలో జర్మనీ నుంచి వలస వచ్చిన రైతు సోదరులు సాస్‌ల మడుల్లో, జేకబ్ సాస్ పెంచిన ఫ్లోరా జెనార్ అనే రకంలో, ఎర్రటి గడ్డం కనిపించింది.

హాల్ 1920ల నుంచీ ఎన్నెన్నో సంకరాలు చేస్తూ వచ్చినవాడు. ఆయన మడుల్లో విచ్చిన మొక్కల్లో ఊదా జీర లేని ఫ్లెమింగో గులాబీ రేకులున్నాయి. ప్రతిదాని గొంతులోనూ అచ్చంగా పండిన నారింజ రంగు గడ్డం. వాటి సంతానంలోని చెరీకి 1951లో అమెరికాలో ఐరిస్‌కి దక్కే అత్యున్నత గౌరవం డైక్స్ పతకం వచ్చింది. ఐరిస్ జాతుల మీద 1913లో మహాగ్రంథం రాసిన విలియం డైక్స్ పేర ఇచ్చే పతకమది.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. తాతముత్తాతల పేర్లు చదివితే పసుపు పూలు, ఊదా పూలు, మీగడ రంగు పూలు, పేరు లేని నంబర్లు. ఈ గడ్డం ఎక్కడిది? మూడు ఊళ్ళలో ఒకేసారి ఎలా వచ్చింది?

నాలుగు చీటీలు

ప్రతి చతుస్థితిక మొక్క దగ్గరా ఒక వంటకం తయారీకి నాలుగు చీటీలున్నాయనుకోండి. పువ్వు వంటశాలలో కెరొటినాయిడ్ల తయారీ మెట్టుమెట్టుగా సాగుతుంది. లైకోపీన్ దాకా వచ్చాక, దాన్ని తర్వాతి మెట్టు ఎక్కించి పసుపు రంగు బీటా కెరొటిన్ చేసే పని ఒకటుంది. ఆ పని ఎలా చెయ్యాలో రాసిన చీటీలివి. కొన్ని చీటీల మీద రాత ఉంటుంది, కొన్ని ఖాళీ. నాలుగింట్లో ఒక్కదాని మీద రాత ఉన్నా పని నడిచిపోతుంది, పువ్వు పసుపే. నాలుగూ ఖాళీ అయితేనే తయారీ లైకోపీన్ దగ్గర ఆగిపోతుంది. అప్పుడే టమాటా గులాబీ. గులాబీ ఐరిస్ అంటే ఒక రకంగా మధ్యలో ఆగిన వంట.

ఇలా ఉన్నా బయటికి కనపడని ఖాళీ చీటీని పాఠ్యపుస్తకాలు అంతర్గత లక్షణం అంటాయి. ఇప్పుడు లెక్క చూద్దాం. మొక్క పుప్పొడిలోకో అండంలోకో తన నాలుగు చీటీల్లో రెండు ఇస్తుంది, గుడ్డిగా తీసి. రెండు రాతవి, రెండు ఖాళీవి ఉన్న మొక్కను తీసుకోండి. నాలుగింట్లోంచి రెండు తీసే విధాలు ఆరు. అందులో రెండూ ఖాళీ వచ్చేది ఒక్కటే. తల్లి వైపు ఆరింట ఒకటి, తండ్రి వైపు ఆరింట ఒకటి, రెండూ కలవాలి. ఆరు ఆర్లు ముప్పై ఆరు. ఇలాంటి రెండు మొక్కల సంతానంలో సగటున 36కి ఒక్కటి గులాబీ.

36 అంటే పెద్ద సంఖ్యలా అనిపించదు. ఒక్కో కాయలో ఏ నలభై గింజలో ఉండొచ్చు. అయినా నలభై మొక్కలూ పెంచినా, ఒక్క గులాబీ కూడా కనపడకుండా పోయే అవకాశం దాదాపు మూడింట ఒక వంతు. పైగా గింజ వేసిన దగ్గర్నుంచి పువ్వు చూడ్డానికి రెండు మూడేళ్ళు. ఇక నాలుగు చీటీల్లో ఒక్కటే ఖాళీ అయిన మొక్కని తనతో తాను సంకరం చేస్తే ఎంతమంది పిల్లలు పుట్టినా గులాబీ రాదు. రెండు ఖాళీ చీటీలు ఇవ్వడానికి దాని దగ్గర లేవు. పిల్లల్లో నాలుగో వంతుకి రెండేసి ఖాళీలు చేరతాయి. వాటిని మళ్ళీ కలిపితే అప్పుడు 36కి ఒకటి. తాత, తండ్రి, మనవడు, అంతవరకూ ఓపిక.

పాత రెండు చీటీల మొక్కల్లో అయితే ఈ లెక్క నాలుగింట ఒకటి. చతుస్థితికాలు పూలను పెద్దవి చేసి, గులాబీని తొమ్మిది రెట్లు దూరం పెట్టాయి.

మూడు తోటల మర్మం కూడా ఇందులోనే ఉంది. పెంపకందార్లు కొమ్ములూ పుప్పొడీ ఒకరికొకరు పంపుకుంటారు. ఒకరు విడుదల చేసిన మంచి రకం మరుసటేడు పదిమంది తోటల్లో తల్లి అవుతుంది. కొన్ని పేరున్న రకాల్లో కొన్ని ఖాళీ చీటీలు దాగి, ఎవరికీ తెలియకుండా ఊరూరా తిరిగాయి. దగ్గరి చుట్టాలను మళ్ళీ మళ్ళీ కలుపుతూ వచ్చిన పట్టుదల గల తోటల్లో, వందల మొక్కలు పెంచిన మడుల్లో, అవి నాలుగేసి కూడుకోవడానికి ఇంచుమించు అంతే సమయం పట్టింది. వెతికిన దారి ఊదాది. దొరికింది పక్క దారిన.

మడిలో ఒక పొద్దు

ఈ సంకరం ఎలా చేస్తారో దగ్గరగా చూస్తే లెక్కకి ఒళ్ళు వస్తుంది. ఐరిస్ పువ్వు మధ్యలోంచి మూడు చిన్న గొడుగుల్లాంటి కొమ్మలు వంగి ఉంటాయి. ఒక్కో గొడుగు కింద ఒక్కో కేసరం. గొడుగు కొసన కింది వైపు పల్చటి పెదవి లాంటి అంచు ఉంటుంది. కీలాగ్రం అదే. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళే మెల్లగా విప్పి, వేలాడే రేకులు తుంచేస్తారు. దిగడానికి గడ్డం లేని పువ్వు మీద తేనెటీగ వాలదు. మొగ్గలోని కేసరాలు కూడా తీసేస్తారు. తండ్రిగా ఎంచుకున్న పువ్వు నుంచి కేసరం పట్టకారుతో తెచ్చి, పుప్పొడి ఆ పెదవి మీద రాస్తారు. కాడకి చీటీ కడతారు: తల్లి పేరు, గుణకారం గుర్తు, తండ్రి పేరు, తేదీ. సుమారు రెండు నెలలకి కాయ ముదిరి పగలడానికి సిద్ధమవుతుంది.

చీటీ వానకి చెరిగిపోవచ్చు. రాసేవాడు పేరు మర్చిపోవచ్చు. రేకు తుంచకముందే తేనెటీగ వచ్చి వెళ్ళి ఉండవచ్చు. జాతకాలు రాసేది మనుషులే కదా.

గడ్డం సాక్ష్యం

అందుకే నారింజ గడ్డం విలువైన సాక్షి. రెండు గులాబీలను కలిపారనుకోండి. ఇద్దరి దగ్గరా ఎనిమిదికి ఎనిమిదీ ఖాళీ చీటీలే. పిల్లల్లో ఎవరికీ రాత ఉన్న చీటీ రావడానికి దారి లేదు. అందరికీ నారింజ గడ్డమే రావాలి. ఆ మడిలో ఒక మొక్కకి పసుపు గడ్డం విచ్చుకుంటే కాడకి కట్టిన చీటీ తప్పన్నమాట. మధ్యలో తేనెటీగ చేరింది, లేదా గింజలు కలిసిపోయాయి.

వెనక్కి కూడా ఇదే తర్కం. గులాబీ పువ్వుకి పుట్టుక ఇచ్చిన తల్లి ఊదా రంగుదైనా సరే, దాని నాలుగు చీటీల్లో కనీసం రెండు ఖాళీవని నిశ్చయంగా చెప్పవచ్చు. తండ్రికీ అంతే. ఆ తల్లికి అవి ఎక్కడివి? ఒకే పక్క నుంచి రెండూ వచ్చి ఉండవచ్చు, చెరో పక్క నుంచి ఒక్కోటి వచ్చి ఉండవచ్చు. ఇక్కడే దారి చీలుతుంది. అప్పుడు ఆ పాత తాతని, ఇంకా మడిలో పూస్తున్నవాణ్ణి, ఒక గులాబీతో కలిపి చూస్తారు. సంతానంలో ఆరింట ఒకటి గులాబీ అయితే తాత దగ్గర రెండు ఖాళీ చీటీలున్నట్టు.

గడ్డం వల్ల తెలిసే ఇంకో విషయం, ఇది రేకు రంగుని పట్టించుకోదని. 1957లో అదే డేవిడ్ హాల్ ఫ్రాస్ట్ అండ్ ఫ్లేమ్ అనే పువ్వు విడుదల చేశాడు. మంచూ మంటా అని అర్థం. మల్లెపువ్వంత తెల్లటి రేకులు, మధ్యలో నిప్పులాంటి నారింజ గడ్డం. ఖాళీ చీటీలు నాలుగూ ఉన్నాయి, రేకులో మాత్రం రంగు లేదు. ఆర్విల్ ఫే పెంచిన రిప్లింగ్ వాటర్స్ లేత ఊదా నీలం రేకుల మధ్య నారింజ గడ్డంతో 1966లో డైక్స్ పతకం తెచ్చుకుంది. అదే ఫే మేరీ రాండల్‌ని చెరీ పుప్పొడితో పుట్టించాడు. ఆ పువ్వులో నేరేడు, టమాటా రెండూ కలిసి గాఢమైన గులాబీ తయారైంది, 1954లో పతకం వచ్చింది. తెల్ల పువ్వు, నీలం పువ్వు, గాఢ గులాబీ పువ్వు, చూడ్డానికి ముగ్గురు పరాయివాళ్ళు. గడ్డం చూస్తే ఒకే ఇంటివాళ్ళు.

కొత్త గులాబీలు

గులాబీని గులాబీతో కలిపితే గులాబీయే వస్తుంది కనుక 1940ల తర్వాత ఆ రంగుకి వెతుకులాట ముగిసింది. ఇక మిగిలిన పని ఊదా జీర తీసెయ్యడం, కాడని బలపరచడం, రేకుల అంచులకి కుచ్చులు తెప్పించడం. అది మరో ముప్పై ఏళ్ళ పని. నేథన్ రుడాల్ఫ్ పెంచిన పింక్ టాఫెటాకి 1975లో డైక్స్ పతకం వచ్చింది. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో బెన్ హేగర్ పెంచిన వానిటీకి 1982లో వచ్చింది. మూడేళ్ళకే, 1985లో, వానిటీ కూతురు బెవర్లీ సిల్స్‌కి వచ్చింది. అమెరికా ఒపెరా గాయని పేరు పెట్టుకున్న ఆ పగడం గులాబీ ఎన్నో తోటల్లో ఇప్పటికీ పూస్తోంది. తల్లి వైపు, తండ్రి వైపు వెనక్కి నడిస్తే గులాబీలు పలచబడుతూ పోయి, చివరికి ఒక్కటీ మిగలదు. అక్కడి నుంచి పసుపు, మీగడ, ఊదా రంగుల పూలు. వాటిని ఆనాడు చూసినవాళ్ళెవరూ గులాబీ అని ఊహించలేదు. ఖాళీ చీటీలు వాటిలోనే ఉన్నాయి.

ఎండలు మండే మన ఊళ్ళలో ఈ ఐరిస్‌లు నిలవవు. కానీ అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళకి మే నెలలో వెళ్తే, వీధి వెంబడి ఇళ్ళ ముందు ఇవి పూసి ఉంటాయి. తెల్ల పువ్వు దగ్గర ఆగినా, నీలం పువ్వు దగ్గర ఆగినా, రేకుల మీంచి చూపు తిప్పి ఒకసారి గొంతులోకి వంగి చూడండి. నూగు నారింజ రంగులో ఉంటే అది 1940లలో హాల్, లూమిస్, సాస్‌ల మడుల్లో తొలిసారి బయటపడ్డ ఇంటి బిడ్డ. పసుపుదైతే మాత్రం ఏమీ తేల్చి చెప్పలేం. ఒకటి రెండు ఖాళీ చీటీలు అందులోనూ దాగి ఉండవచ్చు.